నడుముకి తుపాకీ: చొక్కా పైనా, కిందా?

క్లుప్తంగా

అమెరికాలో జనం దగ్గర తుపాకీ ఉండాలా వద్దా అన్నది ఒక గొడవ. ఉన్న తుపాకీ పక్కవాడికి కనపడాలా వద్దా అన్నది ఇంకో గొడవ. ఈ వ్యాసం రెండోదాని గురించి. 19వ శతాబ్దంలో అక్కడి చట్టాలు కనపడేలా పెట్టుకోవడాన్ని నిజాయితీగా, దాచుకోవడాన్ని దొంగబుద్ధిగా చూశాయి. తర్వాత వందేళ్లలో ఇది పూర్తిగా తిరగబడింది. 2022లో సుప్రీంకోర్టు పాత చరిత్రనే కొలబద్దగా చేయడంతో ఆ పాత అభిప్రాయం మళ్లీ కోర్టుల్లోకి వచ్చింది. రెండింట్లో ఏది మేలో తేల్చే గట్టి లెక్కలైతే లేవు.

గాలం ఉంటే ఓకే, లేకపోతే కేసు

2025 సెప్టెంబరు వరకు ఫ్లోరిడాలో పరిస్థితి కాస్త విచిత్రంగా ఉండేది. తుపాకీ కొనే అర్హత ఉన్నవాళ్లు పర్మిట్ అవసరం లేకుండానే పిస్టల్ నడుముకి దోపుకుని, పైన చొక్కా కప్పుకుని బజారుకు వెళ్లొచ్చు. 2023 జులై 1 నుంచి అక్కడి చట్టం అది. అదే పిస్టల్‌ని చొక్కా పైన, అందరికీ కనపడేలా పెట్టుకుంటే మాత్రం నేరం, 60 రోజుల వరకు జైలు, 500 డాలర్ల వరకు జరిమానా. గాలికి చొక్కా లేచి ఒక్క క్షణం కనపడితే ఎలా అని అడిగితే, దానికి 2011లోనే ఒక సవరణ చేశారు, పొరపాటున కాసేపు కనపడితే తప్పు కాదని.

ఇందులో ఇంకో తమాషా ఉంది. చేపలు పట్టడానికి, వేటకి, క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లకు ఆ నిషేధం వర్తించదు. అందుకని తుపాకీ హక్కుల కోసం పోరాడేవాళ్లు కొందరు నడుముకి పిస్టల్ కనపడేలా తగిలించుకుని, చేతిలో గాలం పట్టుకుని, సముద్రం ఒడ్డున గుంపులుగా చేరేవారు. చేపలు పడ్డాయా లేదా అన్నది వాళ్లకు ముఖ్యం కాదు. గాలం చేతిలో ఉంటే హక్కు, కింద పెట్టేస్తే నేరం అన్న సంగతిని జనానికి చూపించడమే అసలు పని.

2025 సెప్టెంబరు 10న ఫ్లోరిడా మొదటి జిల్లా అప్పీలు కోర్టు ఈ నిషేధాన్ని కొట్టేసింది. రాష్ట్ర అటార్నీ జనరల్ జేమ్స్ ఉత్‌మయర్ తీర్పుని వ్యతిరేకించకపోగా, ఇకమీదట రాష్ట్రమంతా ఇదే చట్టమని ప్రకటించారు. 1987 నుంచి ఉన్న నిషేధం అలా పోయింది. ఇదే నిషేధాన్ని ఇదే రాష్ట్ర సుప్రీంకోర్టు 2017లో సబబేనని చెప్పింది. ఎనిమిదేళ్లలో తుపాకీ మారలేదు, రాజ్యాంగంలో అక్షరం మారలేదు. మారింది కోర్టులు చూసే కొలబద్ద. దాని సంగతి కింద వస్తుంది.

అసలు తేడా ఎవరికి తెలుస్తుందన్నదే

ఓపెన్ క్యారీ అంటే ఎదుటివాడికి కనపడేలా, సాధారణంగా నడుం పక్కన హోల్‌స్టర్ అనే ఒరలో తుపాకీ పెట్టుకుని తిరగడం. కన్సీల్డ్ క్యారీ అంటే బట్టల కిందో, హ్యాండ్‌బ్యాగులోనో, కాలి చీలమండ దగ్గరో కనపడకుండా పెట్టుకోవడం. మన సీమ మాటలో చెప్పాలంటే బొడ్లో దోపుకోవడం. దాచినా చొక్కా మీద తుపాకీ ఆకారం తేలి కనపడడాన్ని అక్కడివాళ్లు ప్రింటింగ్ అంటారు. దాచుకునేవాళ్లకి ఎప్పుడూ ఉండే టెన్షన్ అదే. కూర్చున్నా, వంగినా, పైనున్న సామాను అందుకున్నా ఓసారి చొక్కా సర్దుకుంటారు.

రెండు పద్ధతుల్లోనూ తుపాకీ అదే, గుళ్లు అవే, మనిషీ అతనే. తేడా అంతా సమాచారంలో ఉంది. కనపడే తుపాకీ చుట్టూ ఉన్న అందరికీ ఒక సంగతి చెబుతుంది, మంచివాడికీ చెడ్డవాడికీ పోలీసుకీ పసిపిల్లకీ. దాచిన తుపాకీ ఎవరికీ ఏమీ చెప్పదు, గుప్పెట మూసినట్టు ఉంటుంది. ఇక్కడినుంచి బయల్దేరితేనే రెండు పక్షాల వాదనలు అర్థమవుతాయి, ఎందుకంటే వాళ్లు నిజానికి కొట్లాడుకుంటున్నది ఆ సమాచారం ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నదాని మీద.

దాచుకునేవాడే దొంగ అనుకున్న కాలం

అమెరికాలో తుపాకీ దాచుకోవడాన్ని నిషేధించిన మొదటి రాష్ట్రాలు కెంటకీ, లూసియానా. రెండూ 1813లోనే ఆ పని చేశాయి. ఆ తర్వాత దక్షిణాది రాష్ట్రాలు చాలా అదే దారి పట్టాయి. ఈ రాష్ట్రాలు ఇవాళ తుపాకీ హక్కులకు కంచుకోటల్లాంటివి, అప్పట్లో మాత్రం పిస్టళ్లు, బాకులు బట్టల్లో దాచుకుని మాటామాటా పెరిగితే పొడుచుకోవడం, కాల్చుకోవడం అక్కడ పెద్ద తలనొప్పి.

నిషేధం కూడా దాచడం మీదే తప్ప తుపాకీ మీద కాదు. 1846లో జార్జియా సుప్రీంకోర్టు నన్ కేసులో చెప్పింది సరిగ్గా ఇదే: దాచడాన్ని నిషేధించొచ్చు, బాహాటంగా పెట్టుకోవడాన్ని నిషేధిస్తే చెల్లదు. 1850లో లూసియానా కోర్టు ఇంకో అడుగు ముందుకేసి, పదిమందికీ కనపడేలా ఆయుధం పట్టుకునే హక్కు మనుషుల్ని మర్యాదగా ఉంచుతుందని, దాపరికం మాత్రం పిరికి హత్యలకు దారి తీస్తుందని రాసింది. ఎదుటివాడికి ముందే తెలిస్తే వాడు జాగ్రత్తపడతాడు, తెలియకుండా చొక్కాలోంచి తీస్తే అది వెన్నుపోటు. ఇదీ అప్పటి లెక్క. ఒక్క కెంటకీ కోర్టు మాత్రం 1822లో ఎదురు తిరిగి, దాచడం మీద నిషేధం కూడా చెల్లదంది. అక్కడివాళ్లు 1850లో ఏకంగా రాష్ట్ర రాజ్యాంగాన్నే మార్చి, దాచడాన్ని నిషేధించే అధికారం శాసనసభకు ఇచ్చుకున్నారు.

ఈ మర్యాద అందరికీ కాదన్నది కూడా చెప్పాలి. 1865లో బానిసత్వం రద్దయిన వెంటనే మిసిసిపి లాంటి రాష్ట్రాలు విముక్తి పొందిన నల్లజాతివాళ్లు ఆయుధాలు పెట్టుకోకుండా చట్టాలు చేశాయి. ఫ్లోరిడాలో 1893 నాటి లైసెన్సు చట్టం గురించి 1941లో అదే రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి ఒకాయన దాపరికం లేకుండా రాశాడు, దాన్ని నల్లజాతి కూలీల చేతిలో తుపాకులు లేకుండా చేయడానికే తెచ్చారని, తెల్లవాళ్ల మీద వాడాలని ఎవరూ అనుకోలేదని. 1956లో తన ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ పర్మిట్ కోసం అలబామాలో దరఖాస్తు చేస్తే తిరస్కరించారు. ఇవ్వాలా వద్దా అన్నది అధికారి ఇష్టం అయినప్పుడు ఆ ఇష్టం ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

తిరగబడింది ఎప్పుడు

ఒక్క రోజులో తిరగబడలేదు. పట్టణాలు పెరిగాయి, పోలీసు వ్యవస్థ వచ్చింది, నడుముకి పిస్టల్ పెట్టుకుని తిరిగేవాడు పెద్దమనిషిలా కాకుండా తంటాలమారిలా కనపడడం మొదలైంది. న్యూయార్క్ 1911లో సలివాన్ చట్టంతో చిన్న తుపాకులకు లైసెన్సు పెట్టింది.

కాలిఫోర్నియా కథ వేరు. 1967 వరకు అక్కడ గుళ్లు నింపిన తుపాకీని బాహాటంగా పట్టుకుని వీధిలో నడవడం తప్పు కాదు. ఆ వెసులుబాటుని నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ వాడుకుంది. ఓక్లాండ్‌లో పోలీసులు నల్లజాతివాళ్లని ఆపినచోటల్లా తుపాకులు పట్టుకుని దూరంగా నిలబడి చూస్తుండేవాళ్లు. దీన్ని ఆపడానికి మల్ఫర్డ్ బిల్లు వచ్చింది. 1967 మే 2న పాంథర్లు తుపాకులతోనే శాక్రమెంటోలో శాసనసభ భవనంలోకి నడిచారు. బిల్లు ఆగలేదు సరికదా, ఇంకా తొందరగా గట్టెక్కింది. సంతకం పెట్టిన గవర్నరు రొనాల్డ్ రీగన్. కర్ర ఉన్నవాడిదే బర్రె అంటారు కదా, ఆ కర్ర ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి చట్టం కదిలింది. గుళ్లు లేని పిస్టల్ కనపడేలా పెట్టుకోవడానికి మిగిలిన సందుని కూడా 2012లో మూసేశారు.

దాచుకోవడం మర్యాదగా మారింది ఇంకో దారిలో. 1980ల నుంచి ఒక్కో రాష్ట్రం, అర్హత ఉన్నవాడు అడిగితే కన్సీల్డ్ పర్మిట్ ఇచ్చి తీరాలన్న చట్టాలు చేస్తూ వచ్చింది. 1987లో ఫ్లోరిడా చేసింది ఈ దారిలో పెద్ద మలుపు. ఆ చట్టం పుణ్యమా అని బాహాటంగా కూడా తిరగొచ్చేమో అన్న సందేహం రావడంతో, అదే ఏడాది హడావుడిగా ఓపెన్ క్యారీని నిషేధించారు. అంటే బేరం ఇదన్నమాట: పెట్టుకో, కానీ మాకు కనపడనీయకు. టూరిస్టుల మీద బతికే రాష్ట్రానికి బీచ్‌లో నడుముకి పిస్టళ్లు కనపడడం బాగుండదన్న ఆలోచన పైకి అన్నా అనకపోయినా ఉండే ఉంటుంది.

దాచుకోవడాన్ని అసలు ఒప్పుకోని రాష్ట్రాల్లో చివరిగా మిగిలింది ఇల్లినాయ్. ఫెడరల్ అప్పీలు కోర్టు మొట్టికాయ వేశాక 2013లో పర్మిట్లు ఇవ్వడానికి ఒప్పుకుంది, అది కూడా దాచుకుంటేనే. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో దాచుకోవడానికి పర్మిట్ కూడా అక్కర్లేదు. వెర్మాంట్‌లో ఎప్పుడూ అక్కర్లేదు, అలాస్కా 2003లో, ఆరిజోనా 2010లో తీసేశాయి.

కోర్టుల దాగుడుమూతలు

సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో ఇంట్లో పిస్టల్ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కంది. వీధి సంగతి తేల్చలేదు. ఆ ఖాళీలో పడమటి రాష్ట్రాలను చూసే తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు రెండు తీర్పులిచ్చింది, పక్కపక్కన పెట్టి చదివితే నవ్వొస్తుంది. 2016లో శాన్ డియేగో కేసులో, దాచుకునే హక్కు చరిత్రలో ఎప్పుడూ లేదంది, బాహాటంగా పెట్టుకునే సంగతి ఇప్పుడు చెప్పం అంది. 2021లో హవాయి కేసులో బాహాటంగా పెట్టుకునే హక్కూ లేదంది. ముందు ఎడమ తలుపు మూసి కుడివైపు చూపించి, అటు వెళ్లాక దాన్నీ మూశారన్నమాట.

2022 జూన్ 23న బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఈ ఆటకి తెర దించింది. వీధిలో కూడా ఆత్మరక్షణకి పిస్టల్ పెట్టుకునే హక్కుందని, ప్రత్యేక అవసరం చూపిస్తేనే పర్మిట్ అన్న న్యూయార్క్ పద్ధతి చెల్లదని జస్టిస్ క్లారెన్స్ థామస్ రాశారు. అంతకన్నా ముఖ్యం, ఆయన పెట్టిన పరీక్ష. ఒక ఆంక్ష వల్ల ఇవాళ మేలు జరుగుతుందా లేదా అన్నది అక్కర్లేదు, చరిత్రలో అలాంటి ఆంక్ష ఉండేదా అన్నదే చూడాలి. మరి చరిత్రలోకి వెళితే కనపడేదేంటి? దాచడాన్ని ఆపారు, బాహాటంగా పెట్టుకోవడాన్ని వదిలేశారు. ఏదో ఒక పద్ధతి తెరిచి ఉంచితే రెండోదాన్ని ఆపొచ్చన్నట్టుగా థామస్ ఆ పాత తీర్పులని చదివారు. ఆ ఒకటి ఏదో రాష్ట్రమే ఎంచుకోవచ్చా, లేక చరిత్ర ఎంచుకున్న ఓపెన్ క్యారీనే తెరిచి ఉంచాలా?

ఇవాళ్టి తగువంతా ఈ ప్రశ్నలోనే ఉంది. న్యూయార్క్, ఇల్లినాయ్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు మొదటి మాట పట్టుకున్నాయి, దాచుకోవడానికి పర్మిట్ ఇస్తున్నాం కదా చాలదా అని. కనెక్టికట్ అయితే బ్రూయెన్ తీర్పు వచ్చాకే, 2023లో, ఓపెన్ క్యారీని నిషేధించింది. ఫ్లోరిడా అప్పీలు కోర్టు రెండో మాట పట్టుకుంది. చరిత్రని నమ్ముకుంటే ఫ్లోరిడా వాదన బలంగానే ఉంది, చరిత్రలో ఒక్కటంటే ఒక్కటే తెరిచి ఉంటే అది దాచుకోవడం కానేకాదు. ఆ పాత తీర్పుల్ని రాయించిన భావం, దాచుకునేవాడు పిరికివాడన్నది, ఇప్పుడు తుపాకీ దాచుకునే కోట్లమంది ఒప్పుకోరన్నది వేరే సంగతి.

టెక్సస్: రైఫిల్ ఓకే, పిస్టల్ నాట్ ఓకే

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రం కాబట్టి టెక్సస్‌ని కాస్త వివరంగా చూడొచ్చు. టెక్సస్ అంటే కౌబాయ్, నడుముకి రివాల్వర్ అన్న బొమ్మ సినిమాల వల్ల మనసులో ఉండిపోయింది. నిజానికి 1871లో ఆ రాష్ట్రం పిస్టల్ పెట్టుకుని తిరగడాన్నే దాదాపుగా నిషేధించింది, దాచినా, చూపించినా. బ్రూయెన్ తీర్పులో ఈ పాత టెక్సస్ చట్టం న్యూయార్క్‌కి అనుకూలంగా వస్తే, అది మిగతా దేశంతో కలవని మినహాయింపని థామస్ పక్కన పెట్టేశారు.

1991 అక్టోబరు 16న కిలీన్ పట్టణంలో లూబీస్ అనే భోజనశాలలో ఒకడు 23 మందిని కాల్చి చంపాడు. అక్కడే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న సుజానా హప్ తన రివాల్వర్ని చట్టానికి భయపడి కారులో వదిలి లోపలికి వెళ్లానని ఊరూరా సాక్ష్యం చెప్పారు, తర్వాత శాసనసభకు ఎన్నికయ్యారు. 1995లో గవర్నరు జార్జి డబ్ల్యూ బుష్ కన్సీల్డ్ పర్మిట్ చట్టం మీద సంతకం పెట్టారు.

ఆ చట్టం పిస్టల్ కనపడకూడదంది. రైఫిళ్ల మీద మాత్రం ఎప్పుడూ ఆంక్ష లేదు. దాంతో 2013, 2014లలో ఓపెన్ క్యారీ కోరేవాళ్లు, పిస్టల్ పెట్టుకోనివ్వడం లేదు కాబట్టి అంటూ, భుజాన పెద్ద పెద్ద రైఫిళ్లు వేసుకుని హోటళ్లకు, షాపులకు వెళ్లి నిరసన తెలిపారు. చిపోట్లే, టార్గెట్ లాంటి కంపెనీలు తుపాకులతో రావొద్దని కోరాయి. తుపాకీ హక్కులకు పెద్దదిక్కయిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ సైతం ఇదేం వింత పని అన్నట్టు రాసి, సొంతవాళ్లే మండిపడేసరికి నాలుక కరుచుకుంది. ఓపెన్ క్యారీ మీద తుపాకీవాదుల్లోనే ఏకాభిప్రాయం లేదన్నది బయటివాళ్లకు అంతగా తెలియని విషయం. దాచుకునేవాళ్లలో చాలామందికి, చూపించుకు తిరిగేవాళ్ల వల్ల తమ పేరు కూడా పాడవుతుందన్న చిరాకు ఉంది.

2016 జనవరి 1 నుంచి లైసెన్సు ఉన్నవాళ్లు పిస్టల్ కనపడేలా పెట్టుకోవచ్చన్నారు. 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, వేరే అడ్డంకులు లేనివాళ్లకు ఆ లైసెన్సు కూడా అక్కర్లేదన్నారు, హోల్‌స్టర్‌లో ఉంటే చాలు.

షాపు యజమానికి మొదలయ్యాయి అసలు తిప్పలు. దాచుకున్న తుపాకీతో రావొద్దంటే 30.06 బోర్డు, కనపడే తుపాకీతో రావొద్దంటే 30.07 బోర్డు, రెండూ వద్దంటే రెండు బోర్డులూ (ఈ అంకెలు అక్కడి శిక్షాస్మృతిలోని సెక్షన్లవి). అక్షరాలు కనీసం అంగుళం ఎత్తుండాలి, ఇంగ్లిషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి. లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకునేవాళ్ల కోసం 2021లో 30.05 అని మూడో బోర్డు చేరింది. బార్లకు 51 శాతం అని ఎర్రంకెల బోర్డు వేరే ఉంటుంది, ఆదాయంలో అంతో, అంతకు మించో మద్యం నుంచే వస్తుందని అర్థం, అక్కడికి తుపాకీ తేకూడదు. డాలస్ చుట్టుపక్కల కొన్ని షాపుల తలుపుల మీద తెరిచే వేళలకన్నా ఈ అక్షరాలే ఎక్కువ జాగా తీసుకుంటాయి.

కనపడితే లాభమా, నష్టమా

ఓపెన్ క్యారీ పక్షం మొదటి మాట, దొంగ చూడగానే వెనక్కి తగ్గుతాడని. రెండోది, ప్రమాదంలో తీయడం తేలిక, చొక్కా ఎత్తే పని లేదు, ఎండల్లో కోటు మోసే పని లేదు.

అవతలి పక్షం అదే సమాచారాన్ని తిరగేసి చూపిస్తుంది. దాడి చేయాలనే వచ్చినవాడికి ఎవరిని మొదట కాల్చాలో కనపడే తుపాకీయే చెప్పేస్తుంది. లాక్కునే ప్రమాదం కూడా ఉంది. 2014 అక్టోబరులో ఒరెగాన్‌లోని గ్రెషమ్‌లో కొత్తగా కొన్న పిస్టల్‌ని నడుముకి పెట్టుకుని వీధిలో మాట్లాడుతూ నిలబడ్డ యువకుడి దగ్గరికి ఒకడొచ్చి, సొంత తుపాకీ చూపించి, ఆ కొత్తదాన్ని పట్టుకుపోయాడు. అందుకే పోలీసుల హోల్‌స్టర్లకు రెండు మూడు తాళాలుంటాయి, ఏ మీట ఎప్పుడు నొక్కితే తుపాకీ బయటికొస్తుందో పెట్టుకున్నవాడికే తెలిసేలా. మామూలు జనం కొనే హోల్‌స్టర్లలో చాలావాటికి ఆ ఏర్పాటు ఉండదు. అయినా ఒక్క సంఘటనతో దేనినీ రుజువు చేయలేం, తుపాకీ చూసి వెనుదిరిగిన దొంగ పోలీసు రికార్డుల్లోకి ఎక్కడు కదా.

దాచుకునే పద్ధతికి ఉన్న బలం అనుమానం. ఎవరి దగ్గర ఉందో తెలియదు కాబట్టి అందరి దగ్గరా ఉండొచ్చని భయపడాలి, దాంతో తుపాకీ లేనివాళ్లకూ కొంత రక్షణ దొరుకుతుందన్నది వాదన. 2022 జులైలో ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్‌లో కాల్పులు మొదలైన కొన్ని సెకన్లలోనే 22 ఏళ్ల కుర్రాడొకడు దాచుకున్న పిస్టల్‌తో దుండగుణ్ని పడగొట్టాడు. ఆ మాల్‌లో తుపాకులు నిషిద్ధం. దానికి ఎదురుగా 2014 జూన్‌లో లాస్ వేగస్‌లో జరిగింది పెట్టి చూడాలి. వాల్‌మార్ట్‌లో దాచుకున్న తుపాకీ తీసి దుండగుడికి ఎదురెళ్లిన మనిషి, వెనకే ఉన్న రెండో దుండగురాలిని గమనించక ప్రాణం పోగొట్టుకున్నాడు.

అన్నిటికన్నా ఇబ్బందైన ఉదాహరణ 2021 జూన్‌లో కొలరాడోలోని ఆర్వాడాలో జరిగింది. పోలీసుని చంపినవాణ్ని దాచుకున్న పిస్టల్‌తో ఒక పౌరుడు కాల్చి పడగొట్టాడు. అంతలో వచ్చిన పోలీసు అతన్నే దుండగుడనుకుని కాల్చేశాడు. దాచిన తుపాకీ పనిచేసేది బయటికి తీశాకే. తీసిన మరుక్షణం అది కూడా కనపడే తుపాకీయే, పట్టుకున్నవాడు ఎవరో దాని మీద రాసి ఉండదు.

పోలీసు కళ్లతో

2016 జులై 7న డాలస్‌లో ఊరేగింపు మీద దాడి చేసి ఒకడు అయిదుగురు పోలీసుల్ని చంపాడు. ఆ ఊరేగింపులో చట్టప్రకారమే రైఫిళ్లు భుజాన వేసుకుని వచ్చినవాళ్లు ఇరవై మందికి పైనే ఉన్నారు. కాల్పులు మొదలవగానే వాళ్లు పరుగెత్తారు, అందరూ పరుగెత్తినట్టే. ఎంతమంది దుండగులున్నారో పోలీసులకు అర్థం కాలేదు. ఏ సంబంధమూ లేని ఒకతని ఫొటోని అనుమానితుడంటూ పోలీసు శాఖే ట్విటర్లో పెట్టింది, అతను స్వయంగా తన రైఫిల్‌ని పోలీసుకి అప్పగించినా. అప్పటి పోలీసు చీఫ్ డేవిడ్ బ్రౌన్ తర్వాత చెప్పిందీ ఇదే, ఎవరు మంచివాడో ఎవరు చెడ్డవాడో తెలియని పరిస్థితి అని.

మామూలు రోజుల్లో సమస్య ఇంకోలా ఉంటుంది. ఎవరో అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి, ఇక్కడొకడు తుపాకీతో తిరుగుతున్నాడంటారు. ఓపెన్ క్యారీ చట్టబద్ధమైన చోట తుపాకీ కనపడడం ఒక్కటే మనిషిని ఆపి సోదా చేయడానికి కారణం కాదని కొన్ని ఫెడరల్ అప్పీలు కోర్టులు తేల్చాయి. పోలీసు దూరం నుంచి చూస్తూ ఊరుకోవాలి, లేదా వెళ్లి మర్యాదగా పలకరించాలి. ఆ మర్యాద అందరికీ ఒకేలా అందుతుందా అంటే, చర్మం రంగుని బట్టి అందడం లేదన్న ఫిర్యాదు అక్కడ చాలాకాలంగా ఉంది. డాలస్‌లో ఆ పొరపాటు ఫొటోలో ఉన్నతను నల్లజాతివాడే.

షాపులు కోరింది ఏంటి

2013లో స్టార్‌బక్స్ అధిపతి హోవార్డ్ షుల్ట్జ్, తమ కాఫీషాపులకు తుపాకులు తేవొద్దని బహిరంగ లేఖ రాశారు, నిషేధం కాదు, కేవలం కోరిక అంటూ. 2019 ఆగస్టులో ఎల్ పాసో వాల్‌మార్ట్‌లో జరిగిన కాల్పుల్లో 23 మంది చనిపోయాక వాల్‌మార్ట్ కూడా కోరింది, కానీ జాగ్రత్తగా: కనపడేలా మాత్రం తేవొద్దని. పర్మిట్ ఉండి దాచుకుని వచ్చేవాళ్ల జోలికి పోలేదు.

ఇందులో వ్యాపార లెక్క స్పష్టంగా ఉంది. తుపాకీ కనపడితే బెదిరే గిరాకీ పోతుంది, తుపాకీ అసలే వద్దంటే తుపాకీ ఉన్న గిరాకీ పోతుంది. దాచుకుంటే ఇద్దరూ వస్తారు. షాపు అడుగుతున్నది భద్రత కాదు, ప్రశాంతంగా ఉన్న భావన. రెండూ ఒకటి కావు.

లెక్కలు ఏం చెబుతున్నాయి

పరిశోధనలు చాలానే ఉన్నాయి, కాకపోతే దాదాపు అన్నీ దాచుకునే పర్మిట్ల మీదే. 1997లో జాన్ లాట్, డేవిడ్ మస్టర్డ్ పర్మిట్లు పెరిగితే నేరాలు తగ్గుతాయన్నారు. 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ ఆ లెక్కలు చూసి, ఎటూ తేల్చలేమంది. 2019లో జాన్ డానహ్యూ బృందం, అలాంటి చట్టం వచ్చిన పదేళ్లకు హింసాత్మక నేరాలు, చట్టం రాకపోయుంటే ఉండేదానికన్నా 13 నుంచి 15 శాతం ఎక్కువగా ఉన్నాయంది. ఇటీవలి ఆధారాలు ఎక్కువగా ఈ వైపే మొగ్గుతున్నాయి. కార్లలోంచి తుపాకులు చోరీ కావడం ఒక ముఖ్య కారణం కావచ్చంటున్నారు.

ఓపెన్ క్యారీని విడిగా కొలవడం కష్టం. పర్మిట్లకు లెక్కుంటుంది, ఇవాళ ఎవరు చొక్కా పైన పెట్టుకున్నారో ఎవరు కింద పెట్టుకున్నారో లెక్కుండదు. తుపాకీ కళ్లెదుట ఉంటే చాలు కోపం పెరుగుతుందని 1967లో బెర్కోవిట్జ్, లెపేజ్ చేసిన ప్రయోగాన్ని వ్యతిరేకులు తరచూ ఉదహరిస్తారు, తర్వాత చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు. కాబట్టి ఓపెన్ క్యారీ నేరాల్ని తగ్గిస్తుందన్నవాళ్ల దగ్గరా, పెంచుతుందన్నవాళ్ల దగ్గరా ఉన్నది ఎక్కువగా నమ్మకమే.

తెలుగువాళ్లకు తగిలేది ఎక్కడ

టెక్సస్‌లో పెట్రోలు బంకు, కిరాణా కొట్టు, మోటెల్ నడిపే తెలుగువాళ్లకు బోర్డుల సంగతి తప్పనిసరి. పార్ట్‌టైమ్ చేసే పిల్లలకు అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఎఫ్1, హెచ్1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ గుళ్లు గానీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. రాష్ట్రంలో పర్మిట్ అక్కర్లేదంటే అందరికీ అక్కర్లేదనుకోవడం పెద్ద పొరపాటు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఆ నిషేధం లేదు. పోలీసు కారు ఆపినప్పుడు తుపాకీ ఉందని ముందే చెప్పాలా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

మన దగ్గర చర్చే వేరు. 1959 ఆయుధాల చట్టం కింద తుపాకీ హక్కు కాదు, లైసెన్సు. 2016 నియమాల ప్రకారం బయటికి తీసుకెళితే పిస్టల్ హోల్‌స్టర్‌లోనో, అలాంటి ఒరలోనో ఉండాలి, ఝళిపించకూడదు. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చేవాళ్లకు 2019 సవరణ రెండేళ్ల వరకు జైలు పెట్టింది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకుల్ని స్టేషన్లో అప్పజెప్పమంటారు. ఇక ఆంధ్ర, తెలంగాణల్లో జనానికి రోజూ కనపడే తుపాకీ నాయకుల వెనకుండే గన్‌మన్‌ది. అది ప్రభుత్వ తుపాకీ, హోదాకి గుర్తు. ఎంతమంది గన్‌మన్లున్నారన్నదాన్ని బట్టి మనిషి స్థాయి లెక్కగట్టే చోట, కనపడే తుపాకీ ఏం చెబుతుందో ఎవరికీ వివరించక్కర్లేదు.

తర్వాతి తగువు గుమ్మం దగ్గర

అమెరికాలో ఇప్పుడు ప్రశ్న చొక్కా నుంచి తలుపు వైపు జరుగుతోంది. టెక్సస్‌లో తలుపు మీద బోర్డు లేకపోతే తుపాకీతో లోపలికి వెళ్లొచ్చని అర్థం. బ్రూయెన్ తర్వాత హవాయి దీన్ని తిప్పేసింది. యజమాని స్పష్టంగా రావచ్చని చెబితేనే తుపాకీతో లోపలికి రావాలి, ఏ బోర్డూ లేకపోతే రాకూడదు. తొమ్మిదో సర్క్యూట్ ఈ నిబంధనని నిలబెట్టింది, సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో ఆ కేసుని విచారణకు తీసుకుంది. తుపాకీ కనపడుతోందా దాచారా అన్నదానితో ఈ కేసుకి పని లేదు. ఖాళీ తలుపుకి అర్థం ఏమిటన్నదే అందులో ప్రశ్న.